రటర్, ప్యార్ట్, మెక్‌మిలన్, లారిడ్‌సెన్: మీ క్వైర్‌కి ఎవరి పాట సరిపోతుంది?

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజ్ చాపెల్‌లో ఏటా డిసెంబర్ 24న క్యారల్ సర్వీసు జరుగుతుంది. దానికోసం ఒక కొత్త క్యారల్ రాయించే పద్ధతి 1983లో మొదలైంది. అప్పటి క్వైర్ డైరెక్టర్ స్టీఫెన్ క్లియోబరీ పెట్టిన ఒరవడి అది. ఆ వరసలో 1985లో జూడిత్ వీర్, 1987లో జాన్ రటర్, 1990లో ఆర్వో ప్యార్ట్, 1995లో జేమ్స్ మెక్‌మిలన్ రాశారు. గది ఒకటే, క్వైర్ ఒకటే, పండుగ ఒకటే. పాటలు మాత్రం ఒకదానితో ఒకటి పొంతన లేనివి. రటర్ పాటలో ఆర్గాన్ మెత్తగా నడుస్తుంటే దాని మీద ఒకసారి వింటే నోటికొచ్చే బాణీ సాగుతుంది. ప్యార్ట్ పాటకి వాద్యమే లేదు. ఆర్థొడాక్స్ చర్చిల పాత ప్రార్థన భాష చర్చ్ స్లావోనిక్‌లో మరియమ్మకు వందనం చెప్పి, ఇంకా వినాలనిపిస్తుండగానే ముగిసిపోతుంది. వీర్, మెక్‌మిలన్ ఇద్దరూ మధ్యయుగపు పద్యాలు తీసుకున్నారు, కానీ వాళ్లిద్దరికీ కూడా పోలిక కుదరదు.

"ఈ కాలపు చర్చి సంగీతం ఏదైనా మొదలుపెట్టాలి, ఎవరితో మొదలుపెట్టమంటారు?" అని అడిగేవాళ్లకి నేను ముందుగా ఈ నాలుగు పాటలూ వరసగా వినమంటాను. మొత్తం కలిపి పావుగంట కూడా పట్టదు. విన్నాక ఏది నచ్చిందో అందరికీ తెలుస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. చెవికి నచ్చింది వేరు, మీ దగ్గరున్న గొంతులతో, మీ హాల్లో, మీ కీబోర్డ్‌తో నిలబడేది వేరు. క్వైర్ లీడర్లు ఎక్కువగా పేరు చూసి, యూట్యూబ్‌లో గొప్ప క్వైర్ పాడిన వీడియో చూసి పాట ఎంచుకుంటారు. నా మాట ఒక్కటే. స్వరకర్త ఎంత గొప్పవారన్నది పక్కన పెట్టి, ఆ పాట ఎలాంటి గదికి, ఎలాంటి గొంతులకు రాశారో చూసి ఎంచుకోండి. సికింద్రాబాద్‌లో పాతికమంది క్వైర్ నడిపేవారికీ, లండన్‌లోనో డల్లాస్‌లోనో చర్చి క్వైర్‌లో చేరిన మనవాళ్లకీ, పాడకుండా వినడానికి మాత్రమే ఆసక్తి ఉన్నవారికీ జవాబులు వేరువేరుగా ఉంటాయి.

రటర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది అక్కడే మొదలుపెట్టాలి. 1945లో లండన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్ క్లేర్ కాలేజ్‌లో చదివి, అక్కడే 1975 నుంచి 1979 దాకా సంగీత డైరెక్టర్‌గా పనిచేశారు. 1981లో కేంబ్రిడ్జ్ సింగర్స్ అనే సొంత క్వైర్ పెట్టారు. 2024లో సర్ బిరుదు వచ్చింది. డేవిడ్ విల్‌కాక్స్‌తో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన క్యారల్ పుస్తకాలు ఇంగ్లిష్ పాడే చర్చి క్వైర్లలో చాలాచోట్ల ఉంటాయి. ఈ జీవితమంతా ఆయన పాటల కూర్పులో కనిపిస్తుంది. మామూలు గొంతులు ఎంత పైకి వెళ్లగలవు, ఎక్కడ ఊపిరి తీసుకుంటాయి, ఏ మలుపు దగ్గర తడబడతాయి అన్నది ఆయనకు అనుభవంతో తెలుసు.

ఒక పాటను దగ్గరగా చూద్దాం. "ద లార్డ్ బ్లెస్ యూ అండ్ కీప్ యూ" 1981లో రాశారు. తన స్కూల్ సంగీతం మాస్టారు ఎడ్వర్డ్ చాప్‌మన్ సంస్మరణ సభ కోసం రాసిన పాట ఇది. మాటలు మనకు తెలిసినవే, సంఖ్యాకాండం 6వ అధ్యాయంలో అహరోను ఇచ్చే ఆశీర్వాదం. మొదట సొప్రానోలు, అంటే పై గొంతు పాడే ఆడవాళ్లు మాత్రమే బాణీ ఎత్తుకుంటారు. అది అందరి చెవుల్లో కుదురుకున్నాకే మిగతా గొంతులు వచ్చి చేరతాయి. చివర ఆమెన్ దగ్గర నాలుగు గొంతులూ ఒకదాని వెనక ఒకటి అల్లుకుంటాయి. అంటే ప్రాక్టీసులో ఒక ఇరవై నిమిషాలకే క్వైర్‌కి "ఇది మనకొచ్చేసింది" అన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో ఆమెన్ మీద కష్టపడతారు. కొత్త క్వైర్ నిలబడాలంటే ఇది చాలా ముఖ్యం.

ఇందులో కీబోర్డ్ వాయించేవారికి మాత్రం టెన్షన్ ఉంది. నాలుగు గొంతుల కూర్పు జి ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది, ఆరు ఫ్లాట్లు, అంటే వేళ్లు ఎక్కువగా నల్ల కీల మీదే. కీబోర్డ్‌లో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటే జి మేజర్‌లో వాయిస్తూ అర శ్రుతి కిందికి దించుకోవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు. వేళ్లు తడబడటం కంటే అదే మేలు.

రటర్ పాటలు మరీ తియ్యగా ఉంటాయన్న విమర్శ పాతదే. కొన్ని పాటల విషయంలో నేనూ ఒప్పుకుంటాను. కానీ చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలకు ఆయన రాసిన 1985 నాటి రెక్వియెమ్ మొదటి రెండు నిమిషాలు విన్నవారు ఆ మాట అంత తేలిగ్గా అనలేరు. టింపనీ డోళ్ల దెబ్బల మీద, ఏ శ్రుతిలో ఉన్నామో తెలియని చీకట్లోంచి గొంతులు తడుముకుంటూ వస్తాయి. ఆ తర్వాతే బాణీ వెలుగులోకి వస్తుంది. ఆ చీకటి ఉంది కాబట్టే ఆ తీపి నమ్మకంగా అనిపిస్తుంది. ఈ రెక్వియెమ్ దగ్గరికి మళ్లీ వస్తాను.

ప్యార్ట్ దారి పూర్తిగా వేరు. 1935లో ఎస్టోనియాలోని పైడే ఊళ్లో పుట్టారు, సోవియట్ పాలనలో పెరిగారు. 1968లో రాసిన "క్రేదో"లో క్రీస్తుపై విశ్వాసాన్ని బాహాటంగా ప్రకటించినందుకు అధికారుల ఆగ్రహానికి గురయ్యారు. ఆ తర్వాత చాలా ఏళ్లు దాదాపుగా ఏమీ రాయకుండా గ్రెగోరియన్ గానం అనే పాత చర్చి ఏకగళ గానం, పాతకాలపు బహుగళ సంగీతం చదువుకున్నారు. 1972లో ఆర్థొడాక్స్ చర్చిలో చేరారు. 1976లో "ఫ్యూర్ ఆలీనా" అనే చిన్న పియానో రచనతో కొత్త పద్ధతి బయటపెట్టారు. దానికి టింటినాబులి అని పేరు. 1980లో దేశం విడిచి వియన్నాకు, అక్కడి నుంచి బెర్లిన్‌కు వెళ్లారు. మళ్లీ 2010లో ఎస్టోనియాకు తిరిగొచ్చారు.

ఈ పద్ధతి వినడానికి మర్మంగా ఉంటుంది కానీ నియమం చాలా సాదా. రెండు గొంతులు అనుకోండి. మొదటిది స రి గ మ అని పక్కపక్క స్వరాల మీదే మెట్టు మెట్టుగా నడుస్తుంది. రెండోది స, గ, ప ఈ మూడూ తప్ప వేరే స్వరాన్ని ముట్టదు. మొదటి గొంతు ఎక్కడుంటే దానికి దగ్గర్లో ఉన్న స్వరాన్ని ఈ మూడింట్లోంచి పట్టుకుంటుంది. మొదటి గొంతు రి మీదికి వచ్చిందనుకోండి, రెండోది స మీదో గ మీదో ఉంటుంది. రెండూ ఆనుకుని ఉన్న స్వరాలు కాబట్టి చిన్న రాపిడి పుడుతుంది. మొదటి గొంతు ఇంకో మెట్టు కదలగానే ఆ రాపిడి విడిపోతుంది. సంగీతమంతా ఈ బిగింపూ సడలింపూనే. తంబురా శ్రుతి మీద పాట వింటూ పెరిగిన చెవికి ఇది కొత్తగా ఉండదు. కదలని ఆధారం ఒకటి ఉంటుంది, దాని పక్కన కదిలే గొంతు ఒకటి. పాశ్చాత్య సంగీతం బొత్తిగా వినని మా ఇంటి పెద్దలు కూడా ప్యార్ట్ దగ్గర ఆగి వినడం చూశాను. వినేవారికి మాత్రమే సలహా ఇవ్వాలంటే నేను ప్యార్ట్‌తోనే మొదలుపెట్టమంటాను. రాత్రి పూట, ఇంట్లో సద్దుమణిగాక వినండి.

పాడేవారికి మాత్రం జాగ్రత్త చెప్పాలి. కాగితం మీద ప్యార్ట్ చాలా తేలిగ్గా కనిపిస్తారు. "దా పాచెమ్ దోమినే" చూడండి. స్పెయిన్ సంగీతకారుడు జోర్డి సవాల్ అడిగితే 2004లో రాశారు. ఆ ఏడాది మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో జరిగిన బాంబు దాడుల మృతుల జ్ఞాపకార్థం అది. శాంతి కోసం చేసే పాత లాటిన్ ప్రార్థన, నాలుగు గొంతులు, ఐదారు నిమిషాలు. పొడుగాటి స్వరాలు తప్ప పేజీలో ఏమీ ఉండదు. "ఇంతేనా" అనుకుని మొదలుపెట్టిన క్వైర్ సగానికి వచ్చేసరికి అర శ్రుతి కిందికి జారిపోతుంది. ఎవరు ఎక్కడ తప్పారో కూడా తెలియదు. వేగం లేదు, మాటల హోరు లేదు, దాక్కోవడానికి ఆర్గాన్ లేదు. ఒక ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు) వణికితే వెనక బెంచీ దాకా తెలుస్తుంది.

గది సంగతి ఇంకా పెద్దది. ప్యార్ట్ సంగీతంలో మౌనం కూడా ఒక స్వరమే. రాతి గోడలు, ఎత్తైన పైకప్పు ఉన్న చోట ఆ మౌనంలోకి ముందు స్వరం మెల్లగా ఆరిపోతూ వినిపిస్తుంది. రేకుల కప్పు, ఫాల్స్ సీలింగ్, తిరుగుతున్న ఫ్యాన్లు, మైకుల్లోంచి సన్నగా వచ్చే గుర్రు ఉన్న హాల్లో ఆ మౌనం ఉత్త ఖాళీగా మిగులుతుంది. మన చర్చిల్లో చాలావాటి పరిస్థితి ఇదే. ప్యార్ట్ పాడాలని మనసైతే డిసెంబర్, జనవరి నెలలు చూసుకోండి, ఫ్యాన్లు ఆపేయవచ్చు. మైకులు కూడా ఆపేయండి. ప్రాక్టీసులో శ్రుతి పెట్టె పెట్టుకుని, ముందు స-గ-ప గొంతు ఒక్కటే అందరితో పాడించండి. అది గోడలా నిలబడ్డాకే నడిచే గొంతు కలపండి.

ఆర్గాన్‌తో కలిపి ప్యార్ట్ రాసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1990 నాటి "ద బియాటిట్యూడ్స్". మత్తయి సువార్త 5వ అధ్యాయంలోని ధన్యవచనాలు, ఇంగ్లిష్‌లో. క్వైర్ ఒక్కో వచనం పలికి ఆగుతుంది. కింద ఆర్గాన్ కాలితో నొక్కే పెడల్ స్వరం ఒకటి పట్టి ఉంచుతుంది. వచనం వచనానికీ శ్రుతి పైపైకి జరుగుతూ పోతుంది. వినేవారికి ఏదో బిగుసుకుంటోందని తెలుస్తుంది, ఏమిటన్నది అందదు. ఆమెన్ దగ్గర అది తెగుతుంది. అప్పటిదాకా ఒక్క స్వరం పట్టుకుని కూర్చున్న ఆర్గాన్ ఒక్కసారిగా పొంగి, వచ్చిన దారినే వెనక్కి దిగి సన్నగిల్లిపోతుంది. ఏడెనిమిది నిమిషాల పాట. ఇది ప్యార్ట్ రచనల్లో ఓ మోస్తరు క్వైర్‌కి అందుబాటులో ఉన్నది. ఎందుకంటే మధ్యమధ్య ఆగడాలు ఉన్నాయి, కింద ఆర్గాన్ స్వరం ఆసరాగా ఉంది. శ్రుతి జారితే వెంటనే తెలిసిపోతుంది.

ఇక మెక్‌మిలన్. ఈ నలుగురిలో తక్కువగా తెలిసినవారు మన దగ్గర ఈయనే. నాకైతే అది బాధగా ఉంటుంది. 1959లో స్కాట్లండ్‌లోని కిల్‌విన్నింగ్‌లో పుట్టి, కమ్నాక్ అనే బొగ్గుగనుల ఊళ్లో పెరిగారు. గట్టి క్యాథలిక్ విశ్వాసి. పెద్ద ఆర్కెస్ట్రాలకు రాసే మనిషే అయినా గ్లాస్గోలో ఒక మామూలు పారిష్ చర్చిలో చిన్న క్వైర్‌ని ఏళ్ల తరబడి నడిపారు. 2010లో పోప్ బెనెడిక్ట్ బ్రిటన్ వచ్చినప్పుడు క్యాథలిక్ ఆరాధన అయిన మాస్‌లో జనమంతా కలిసి పాడే సంగీతం రాసిందీ ఆయనే. 2022 సెప్టెంబర్ 19న ఎలిజబెత్ రాణి అంత్యక్రియల్లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రోమా పత్రిక 8వ అధ్యాయంలోని మాటలకు పాడిన కొత్త గీతం కూడా ఆయనదే.

ఆయన రాసిన స్ట్రాత్‌క్లైడ్ మోటెట్స్ అనే చిన్న భక్తి గీతాల వరస చిన్న క్వైర్లను దృష్టిలో పెట్టుకుని రాసినది. అందులో "ఓ రేడియంట్ డాన్" 2007లో వచ్చింది. క్రిస్మస్‌కు ముందు, డిసెంబర్ 21 సాయంత్రం ప్రార్థనకు సంబంధించిన పాత ప్రార్థన ఇది. చీకట్లో, మరణచ్ఛాయలో కూర్చున్నవారి మీద ప్రకాశించమని వేడుకోలు. వాద్యం లేదు. నాలుగు గొంతులూ చాలావరకు ఒకే లయలో, ఒకే మాట మీద కలిసి కదులుతాయి. "కమ్" అన్న పిలుపు పదే పదే వస్తుంది, వచ్చిన ప్రతిసారీ కాస్త గట్టిపడుతుంది. నాలుగు నిమిషాల లోపే. క్రిస్మస్ పాటలంటే సంతోషమే అనుకునేవారికి క్రిస్మస్ కోసం ఎదురుచూసే అడ్వెంట్ కాలం అసలు ఎలా ఉండాలో చూపిస్తుంది.

రటర్ నేర్చుకున్న క్వైర్ తర్వాత ఏం పాడాలి అంటే నా జవాబు ఈ పాటే. ప్యార్ట్ అంత నిర్దయగా శ్రుతిని పరీక్షించదు, రటర్ అంతగా చేయి పట్టుకుని నడిపించదు.

మెక్‌మిలన్ దగ్గర మన గాయకులకు ఇంకో అనుకూలత ఉంది. స్కాట్లండ్ గేలిక్ కీర్తనల గానంలో స్వరాన్ని సూటిగా పట్టకుండా చుట్టూ చిన్న చిన్న మెలికలు తిప్పుతారు. ఆయన గొంతు కూర్పుల్లో అవి తరచూ కనిపిస్తాయి. 1997లో రాసిన "ఎ న్యూ సాంగ్" తీసుకోండి. 96వ కీర్తన, క్వైర్, ఆర్గాన్. బాణీ నిండా ఆ మెలికలే. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల స్వరలిపి) మీద బుల్లి అక్షరాల్లా కనిపించే ఆ స్వరాలు చూసి ఇంగ్లిష్ గాయకులు లెక్కపెట్టుకుంటారు. గమకం తెలిసిన గొంతు ఒకసారి వింటే పట్టేస్తుంది. చివర్లో ఆర్గాన్ ఒక్కటే పెరుగుతూ పెరుగుతూ హాలంతా నింపేస్తుంది. చిన్న కీబోర్డ్ స్పీకర్ అక్కడ సరిపోదు, ముందే చెబుతున్నాను. మంచి సౌండ్ సిస్టమ్ ఉంటేనే తీసుకోండి.

"మిసెరేరే", "సెవెన్ లాస్ట్ వర్డ్స్ ఫ్రమ్ ద క్రాస్" లాంటి పెద్ద రచనలు వినడానికే ఉంచుకోండి. గుడ్ ఫ్రైడేనాడు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం మన చర్చిల్లో మధ్యాహ్నం మూడు గంటలూ జరుగుతుంది కదా. ఆ ఏడు మాటలకే మెక్‌మిలన్ 1993లో క్వైర్, తీగ వాద్యాలతో ముప్పావు గంట సంగీతం రాశారు. ఆ వారంలో ఒకసారి మొత్తం వినండి. చివర గొంతులు ఆగిపోయాక వయొలిన్లు ఊపిరి తీసినట్టుగా మిగిలిపోయే చోటు విన్నాక ఈయన గురించి నేనెందుకింత గట్టిగా చెబుతున్నానో అర్థమవుతుంది.

లారిడ్‌సెన్ అమెరికన్. 1943లో వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టారు, కుర్రతనంలో అడవి మంటలు కాపలా కాసే ఉద్యోగం చేశారు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో యాభై ఏళ్లకు పైగా పాఠం చెప్పారు. అమెరికాలో ఉండి క్వైర్‌లో పాడే తెలుగువారికి ఈయన పాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఎక్కువగా అది 1994 నాటి "ఓ మాగ్నుమ్ మిస్తేరియుమ్" అయి ఉంటుంది. పశువుల తొట్టిలో పడుకున్న ప్రభువును పశువులు చూశాయన్న లాటిన్ ప్రార్థన. పాటంతా డి మేజర్‌లో, చేదు అన్నది లేకుండా సాగుతుంది. కన్య అన్న అర్థం వచ్చే "వీర్గో" మాట దగ్గర ఆల్టోలకు మాత్రం జి షార్ప్ ఇచ్చారు. ఆ శ్రుతికి చెందని స్వరం అది. ఆ బిడ్డ సిలువ మరణాన్ని భరించాల్సి వచ్చిన తల్లి నొప్పిని ఆ ఒక్క స్వరంలో పెట్టారు. ఈ సంగతి ఆయనే స్వయంగా రాశారు.

కాబట్టి మీ ఆల్టోలు బలంగా లేకపోతే ఈ పాట వద్దు. ఆ స్వరాన్ని భయపడుతూ పాడితే వినేవారు అది తప్పు స్వరమనే అనుకుంటారు. పైగా గొంతులు అక్కడక్కడా రెండుగా చీలుతాయి, మగవారి కింది గొంతు అయిన బేస్ బాగా లోతుకు వెళుతుంది. పాతికమంది క్వైర్‌లో బేస్‌లు ముగ్గురే ఉంటే సరిపోదు. నలభై మందికి పైగా ఉన్న క్వైర్‌కి మాత్రం ఇంత ఫలితమిచ్చే పాట దొరకడం కష్టం.

పెద్ద రచన ఒకటి చేయాలనుకుంటే పోటీ రటర్ రెక్వియెమ్‌కీ లారిడ్‌సెన్ "లుక్స్ ఎతేర్నా"కీ మధ్య. రెండూ కన్నవారి మరణం నుంచి పుట్టినవే. రటర్ తండ్రి జ్ఞాపకార్థం రాశారు, లారిడ్‌సెన్ తల్లి చివరి జబ్బు రోజుల్లో రాశారు. రెంటికీ ఆర్గాన్‌తో పాడుకునే రూపం ఉంది. నేను రటర్‌నే ఎంచుకుంటాను, మూడు కారణాలతో. ఒకటి, లాటిన్ ప్రార్థనల మధ్య ఇంగ్లిష్‌లో రెండు కీర్తనలు ఉన్నాయి, 130, 23. "యెహోవా నా కాపరి" తెలియని తెలుగు క్రైస్తవులు ఉండరు కాబట్టి భాష అర్థం కానివారు కూడా పాట ఎక్కడుందో పట్టుకోగలరు. రెండు, మొత్తం ఏడు భాగాలు విడివిడిగా కూడా నిలబడతాయి. ఈ ఏడాది రెండు, వచ్చే ఏడాది ఇంకో రెండు నేర్చుకోవచ్చు. మూడు, చిన్న వాద్యబృందం చాలు. 130వ కీర్తనకు చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది), 23వ కీర్తనకు ఓబో (ఊదే వాద్యం) ఒంటరిగా పాటతో సమానంగా నడుస్తాయి. మన ఊళ్లలో ఓబో దొరకదు, ఫ్లూట్‌తో సరిపెట్టుకోవచ్చు. చెల్లో బదులు మాత్రం కీబోర్డ్ చెల్లో సౌండ్ పెట్టకండి. తెలిసిన వయొలిన్ విద్వాంసులను అడిగి కింది తీగల మీద వాయించమనండి, అది ఎంతో మేలు.

లుక్స్ ఎతేర్నా ఐదు భాగాలూ ఒకే ఊపిరిలా సాగుతాయి. ముక్కలు చేస్తే దాని బలం పోతుంది. మంచి క్వైర్, ప్రతిధ్వని ఉన్న హాలు, అరగంట కదలకుండా కూర్చునే శ్రోతలు మూడూ ఉంటే అదే చేయండి.

వీర్ గురించి క్లుప్తంగా. బ్రిటన్ రాజసంస్థానంలో మాస్టర్ ఆఫ్ మ్యూజిక్ పదవి చేపట్టిన మొదటి మహిళ, 2014 నుంచి 2024 దాకా. మొదట చెప్పిన 1985 నాటి ఆమె క్యారల్ "ఇల్యుమినారే జెరూసలేం" రెండున్నర నిమిషాల పాట. మాటలు పొదుపు, ఆర్గాన్ ఇంకా పొదుపు. పల్లవి దగ్గర మాత్రం అడుగు నుంచి చిన్నగా మోగి ఊరుకుంటుంది. స్కాట్లండ్ పాత భాష స్కాట్స్ ఉచ్చారణ నేర్పేవారు లేకపోతే కష్టం. స్టాఫ్ నొటేషన్ బాగా చదివే యువ క్వైర్‌కి మంచి సవాలు, మిగతావారు విని ఆనందించండి.

ఇప్పుడు ఆర్గాన్ వాయించేవారి సంగతి. తెలుగు నేల మీద పైప్ ఆర్గాన్ అరుదు, మనకున్నది ఎక్కువగా ఎలక్ట్రానిక్ కీబోర్డే. దానికి కుంగిపోనక్కర్లేదు. ఆర్గాన్ చేతి వరస కూడా చాలావరకు 61 కీలే, కాబట్టి 61 కీల కీబోర్డ్ సరిపోతుంది. లేనిది కాలి కింది పెడల్ వరస. కీబోర్డ్‌ని రెండుగా విడగొట్టి, ఎడమవైపు కింది భాగాన్ని ఒక అష్టకం దించి వాడుకుంటే క్వైర్ వెనక వాయించడానికి పని నడుస్తుంది. "చర్చ్ ఆర్గాన్" అని ఉండే సౌండ్‌లో వణుకు ఎక్కువగా ఉంటుంది, దాన్ని తీసేసి సాదా ఫ్లూట్ లాంటి ఆర్గాన్ సౌండ్ పెట్టండి. రిథమ్ బటన్ జోలికి వెళ్లకండి.

సోలో రచనల్లో మొదట ప్యార్ట్ "పారి ఇంటర్వాల్లో" తీసుకోండి. 1976లో రాసినది. రెండు గొంతులు ఎప్పుడూ ఒకే ఎడంలో కలిసి నడుస్తుంటాయి, మిగతా రెండూ మూడు స్వరాల మధ్యే తిరుగుతాయి. వేగం లేదు. ప్రభు భోజన సంస్కారం జరుగుతుండగా వాయించడానికి ఇంతకంటే తగినది నాకు తెలియదు. మెక్‌మిలన్ "గౌదేయాముస్ ఇన్ లోచి పాచే" కూడా మెల్లనిదే. ప్లస్కార్డెన్ మఠం కోసం 1998లో రాశారు. లయ మీద పట్టున్నవారికి రటర్ "టొకాటా ఇన్ సెవెన్" చెబుతాను. ఏడు అక్షరాల తాళం, మిశ్రచాపు వచ్చినవారికి చిటికెలో అలవాటవుతుంది. ఆరాధన ముగిసి జనం బయటికి నడుస్తుండగా వాయిస్తే బాగుంటుంది.

ప్యార్ట్‌దే "ఆన్నుమ్ పెర్ ఆన్నుమ్" మాత్రం కీబోర్డ్ మీద కుదరదు. జర్మనీలోని స్పేయర్ కెథడ్రల్ 900 ఏళ్ల పండుగకు 1980లో రాసినది. మొదట్లో కీలు నొక్కి ఉంచే ఆర్గాన్ మోటార్ ఆపేయమంటారు. గొట్టాల్లో గాలి తగ్గుతుంటే స్వరం వంగి, వాలి, ఆరిపోతుంది. స్విచ్ తీస్తే టక్కున ఆగిపోయే వాద్యం మీద ఆ ప్రాణం పోయే చప్పుడు రాదు. అలాగే లెబనాన్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన నాజీ హకీమ్ రచనలు. ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియాన్ తర్వాత 1993 నుంచి 2008 దాకా పారిస్ ట్రినిటీ చర్చి ఆర్గాన్ పీఠం ఆయనదే. రంగురంగుల స్వరాలు, మెరుపు వేగం, నాట్యం చేసే లయ. ఆర్గాన్ అంటే ఏడుపుగొట్టు వాద్యం అనుకునే పిల్లలకు ఆయన రికార్డింగులు వినిపించండి.

పాట ఎంచుకున్నాక కాగితాల సంగతి. వీళ్లంతా ఈ కాలపువాళ్లు కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే నొటేషన్ నమ్మకండి. మన దేశంలో కాపీరైట్ స్వరకర్త మరణించాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. రటర్‌వి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, ప్యార్ట్‌వి యూనివర్సల్ ఎడిషన్, మెక్‌మిలన్‌వి బూజీ అండ్ హాక్స్ ప్రచురిస్తాయి. ఆరాధనలో పాడటం వేరు, టికెట్ పెట్టి కచేరీ చేయడం వేరు, ఒక కాపీ కొని ముప్పై జిరాక్స్‌లు తీయడం వేరు. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడటాన్ని మన చట్టం ఉల్లంఘనగా చూడదు. జిరాక్స్‌లకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. చాలా చిన్న పాటలు డిజిటల్ కాపీలుగా దొరుకుతాయి, మనిషికొకటి లెక్కన కొనాలి. చర్చి కమిటీ ముందు ఈ ఖర్చు మైకుల ఖర్చుతో పాటే పెట్టండి.

తెలుగు మాటలు పెట్టి పాడొచ్చా అని తరచూ అడుగుతారు. అనువాదానికి ప్రచురణకర్త అనుమతి తప్పనిసరి. ఏ పాట, తెలుగు పాఠం ఏమిటి, ఎన్ని కాపీలు, ఎక్కడ పాడతారు అన్న నాలుగు విషయాలూ రాసి మెయిల్ పంపండి. రటర్ బాణీల్లో తెలుగు బాగానే ఒదుగుతుంది. "యెహోవా నిన్ను ఆశీర్వదించి" అన్న మాటల్లో దీర్ఘాలు ఎక్కడ పడుతున్నాయో చూసుకుంటే చాలు. ప్యార్ట్‌కి మాత్రం ఆ ప్రయత్నం చేయకండి. ఆయన సంగీతం మాటల్లోంచే లెక్కకట్టి పుడుతుంది. మాటలో ఎన్ని అక్షరాలుంటే బాణీ అన్ని మెట్లు నడుస్తుంది, ఊనిక ఎక్కడుంటే అక్కడ నిలుస్తుంది. మాట మార్చితే కట్టడం కూలుతుంది. పైగా లాటిన్ మనకు అంత కష్టం కాదు. అ, ఎ, ఇ, ఒ, ఉ అని నిక్కచ్చిగా పలికే అచ్చులు మన నోటికి పుట్టుకతో వచ్చినవే. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న క్వైర్లు నెలల తరబడి సాధన చేసే ఆ శుభ్రమైన అచ్చులు మన పిల్లలు మొదటి ప్రాక్టీసులోనే పలుకుతారు. "దోమినే"లో చివరి "నే"ని సాగదీసి "నెయ్" చేయకుండా చూసుకుంటే చాలు.